హిల్డె అడిగిన తేదీ

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఎమర్జెన్సీ గదిలో డాక్టరు "కాళ్లు ఎప్పటినుంచి ఇలా ఉన్నాయి?" అని అడిగినప్పుడు "ఈరోజు పొద్దుటినుంచి" అన్నాను. అది అబద్ధం. అప్పటికి తొమ్మిది రోజులైంది. నా డైరీలో అంతకు ముందటి వారం శనివారం పేజీలో నా చేత్తోనే రాసి ఉంది: "కాలివేళ్లు నావి కానట్టున్నాయి."

నేను మాట్లాడటం తక్కువ. నలుగురు కూడిన చోట ఒక మూల కుర్చీ, చేతిలో ఒక లైబ్రరీ పుస్తకం ఉంటే నాకు చాలు. జబ్బు కూడా అలా మూలన కూర్చుని గడిపేయొచ్చనుకున్నాను. ఇప్పుడు లేచి నడుస్తున్నాను కాబట్టే ఇది రాయగలుగుతున్నాను. మంచంలో పడుకుని భయపడుతున్నవాళ్లు ఎవరైనా చదివితే, నా కాళ్లు నాకు తిరిగొచ్చాయని తెలియాలి. నాలాంటి వాళ్లు చదివితే, ఎప్పటినుంచి అని అడిగినప్పుడు నిజం చెప్పాలని తెలియాలి.

2008 ఆగస్టు

అమెరికాలోని ట్రాయ్‌లో పిన్నీ బాబాయిల ఇంట్లో ఉండి మాస్టర్స్ చదువుతున్నాను. పిన్ని లలిత, మా అమ్మకు చెల్లెలు, తెనాలి మనిషి. బాబాయి ప్రసాద్‌ది వరంగల్, కార్ల కంపెనీలో ఇంజినీరు. వాళ్ల అమ్మాయి శ్రియకు పదహారేళ్లు. నెలాఖరు ఆదివారం శ్రియ అరంగేట్రం. ఇక్కడ అరంగేట్రమంటే పెళ్లికి తక్కువేమీ కాదు. ఏడాది ముందే హాలు బుక్ చేస్తారు. మృదంగం వాయించే ఆయన ఇండియా నుంచి వస్తాడు. మూడు వందల మందికి భోజనాలు, రిటర్న్ గిఫ్ట్‌లు.

ఇంకా ఎనిమిది రోజులుందనగా, శనివారం పొద్దున వంటింట్లో నిలబడి ఉంటే సాక్సు వేసుకున్నట్టు అనిపించింది. కిందికి చూశాను. సాక్సు లేవు. వేళ్లు కదిలించాను, కదిలాయి. సరేలే అనుకున్నాను.

మధ్యాహ్నం రిటర్న్ గిఫ్ట్‌ల అట్టపెట్టె పట్టుకుని బేస్‌మెంట్ మెట్లు దిగుతుంటే మెట్టు ఎక్కడుందో పాదానికి తెలియలేదు. రెయిలింగ్‌కి గుద్దుకుని ఆగాను. కింద పిన్ని, మృదంగం ఆయన ఫ్లయిట్ గురించి ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతోంది.

"ఏంటే సుమా, చూసి నడు! ఆ కుంకుమ భరిణెలు పగిలితే మళ్లీ తెప్పించే టైం లేదు."

ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఒక్క క్షణం నా వైపు చూసింది.

"కొత్త చెప్పులా?" అంది.

"అవును పిన్నీ" అన్నాను.

ఇంట్లో ఎవరం చెప్పులు వేసుకోం. అయినా ఆ మాటే నోట్లోంచి వచ్చింది. పిన్ని మళ్లీ ఫోన్‌లో పడింది. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. పిన్ని అన్నీ వదిలేసి నన్ను కార్లో ఎక్కిస్తుంది. అర్జెంట్ కేర్ క్లినిక్‌లో సగం రోజు. శ్రియ రిహార్సల్ పోతుంది. అందరూ నా కాళ్ల గురించే మాట్లాడతారు. ఆదివారం అయిపోయాక చెబుదామనుకున్నాను.

ఆ వారమంతా గోడల పక్కన నడిచాను. సోమవారానికి తిమ్మిరి పాదాలకు, గురువారానికి పిక్కలకు. ఆదివారం హాల్లో కాఫీ ట్రే పట్టుకుని వెళ్తూ రెండుసార్లు కుర్చీ వీపు పట్టుకున్నాను. శ్రియ తిల్లానా చేస్తుంటే అందరూ చప్పట్లు కొట్టారు. చీర కొంగు కింద నా చేతులు కూడా తిమ్మిరెక్కుతున్నాయి.

సెప్టెంబర్

సోమవారం లేబర్ డే సెలవు. మంచం మీంచి లేవబోయి కూలబడ్డాను. చప్పుడుకు బాబాయి పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది బిడ్డా, ఏమైంది?" అంటూనే నన్ను రెండు చేతులతో ఎత్తి కార్లో పడుకోబెట్టాడు. ఆ తర్వాత ఎమర్జెన్సీ గది, ఆ ప్రశ్న, నా జవాబు.

వెన్నులోంచి నీరు తీశారు. సాయంత్రానికి పేరు చెప్పారు: గియాన్-బారే. ఒంటిని కాపాడాల్సిన బలగమే తిరగబడి నరాల మీద పడుతుందట. కాళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుందట. ఊపిరిదాకా వస్తుందా, ముందే ఆగుతుందా అన్నదొక్కటే అందరూ ఎదురుచూస్తున్న సంగతి.

అక్కడే నా అబద్ధం పనిచేయడం మొదలుపెట్టింది. ఒక్క పూటలో కాళ్లూ చేతులూ పడిపోయాయంటే జబ్బు పరుగు మీద ఉందని వాళ్ల లెక్క. నన్ను ఐసీయూకి మార్చారు. ఊపిరి యంత్రం తెచ్చి మంచం పక్కన పెట్టారు. గొంతులో గొట్టం వేయాల్సి వస్తే ఒప్పుకుంటున్నట్టు సంతకానికి కాగితం చేతికిస్తే, బాబాయి దాన్ని ఎంతసేపు పట్టుకున్నాడో నాకు గుర్తుంది. చదువుతున్నట్టు ఒకే లైను చూస్తూ నిలబడ్డాడు.

కొద్ది గంటలకొకసారి నర్సు వచ్చి, గట్టిగా గాలి పీల్చి ఆపకుండా అంకెలు లెక్కపెట్టమనేది. ఊపిరి ఎంత మిగిలిందో అలా చూస్తారు. మొదటిసారి భయంలో ఒకటి, రెండు, మూడు అని మొదలుపెట్టాను. పదమూడు దగ్గర గాలి అయిపోయింది. నర్సు మొహం మారిపోయింది.

"ఇంగ్లీష్‌ల లెక్కవెట్టు బిడ్డా" అన్నాడు బాబాయి. "తెలుగుల అంకెలు పొడుగు. ఊపిరి మస్తు ఖర్చయితది."

ఇంగ్లీషులో ఇరవై రెండు వచ్చింది. నర్సు నవ్వింది, బాబాయి నవ్వాడు, పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మర్నాడు పదిహేడు. ఆ మర్నాడు పదకొండు.

నరాల డాక్టరు నెమ్మదిగా మాట్లాడే మనిషి. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని అడిగింది: "పది రోజుల్లో ఇక్కడిదాకా రావడం వేరు, ఒక్క రోజులో రావడం వేరు. సోమవారానికి ముందు ఏమీ లేదని గట్టిగా చెప్పగలవా?"

పిన్ని నా కాళ్ల దగ్గర కూర్చుని పాదాలు ఒత్తుతోంది. ఒత్తుతున్నట్టు కనిపిస్తోంది కానీ నాకు తెలియడం లేదు. శనివారం నుంచి అని చెబితే, పిన్ని మొహం మీదే అబద్ధమాడానని తెలిసిపోతుంది. పైగా ఇంట్లో ఉన్న పిల్లని చూసుకోలేదని పిన్నినే అంటారు. అప్పటికే అమ్మ ఫోన్‌లో అననే అంది. స్పీకర్‌లో నేనూ విన్నాను: "నీ దగ్గరుందనేగా లలితా, నేనిక్కడ నిశ్చింతగా ఉన్నాను!"

"చెప్పగలను" అన్నాను డాక్టరుతో.

వెయిటింగ్ రూమ్‌లో జరిగింది నాకు తర్వాత శ్రియ చెప్పింది. జబ్బుకు కొద్దివారాల ముందు కడుపేమైనా పాడైందా అని ఎవరో డాక్టరు అడిగాడట. పిన్ని వారాల మాట వినిపించుకోలేదు, ఫోన్ పట్టుకుని అరంగేట్రానికి వచ్చినవాళ్లందరికీ వరసగా ఫోన్లు చేసింది. "వదినా, ఏమీ అనుకోకండి, ఆదివారం మా భోజనం తిన్నాక మీ ఇంట్లో ఎవరికైనా మోషన్స్ అయ్యాయా?" ముప్పై నలభై మందిని అడిగిందట. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా భోజనానిదే తప్పంది, తర్వాత దిష్టంది, ఆ తర్వాత నన్ను అయిదు గంటలు నిలబెట్టిన తనదే తప్పంది. నేను నడిచేదాకా కాఫీ ముట్టనని ఒట్టు పెట్టుకుంది. పొద్దున్నే ఫిల్టర్ కాఫీ పడకపోతే ఎవరితోనూ మాట్లాడని మనిషి.

శ్రియ సాయంత్రాలు వచ్చి పుస్తకం నా ఎదురుగా పట్టుకునేది. నేను కళ్లార్పితే పేజీ తిప్పేది. ఒకరోజు తిప్పడం ఆపి అడిగింది.

"అక్కా, నా ప్రోగ్రాం వల్లేనా? టెల్ మీ ద ట్రూత్."

"కాదు."

"హౌ డు యూ నో?"

నాకు తెలుసు. కానీ పేజీ తిప్పమని కళ్లార్పాను.

అంకె తొమ్మిదిదాకా పడింది. ఆ రోజు ఎవరూ నాతో జోకులు వేయలేదు. నర్సు గంటకోసారి వచ్చింది. పొద్దున తొమ్మిది, మధ్యాహ్నం తొమ్మిది, సాయంత్రం తొమ్మిది. మర్నాడు పది. బాబాయి ఆ "పది" అన్న మాట పట్టుకుని కారిడార్లోకి వెళ్లి ఎవరెవరికో ఫోన్లు చేశాడు. ఊపిరి యంత్రం వాడకుండానే వెనక్కి తీసుకెళ్లారు. పిన్ని నా డైరీ ఇంటినుంచి తెచ్చి తలగడ పక్కన పెట్టింది. "రాసుకోలేకపోయినా పక్కనుంటే నీకు బాగుంటుంది కదా" అంది. చేయి చాచి దాన్ని మూసి పెట్టడానికి కూడా శక్తి లేదు. గాలికి అట్ట లేచినప్పుడల్లా, శనివారం పేజీ కంట పడుతుందేమోనని పిన్ని వైపే చూసేదాన్ని.

అక్టోబర్ నుంచి డిసెంబర్

ఊపిరి దక్కింది. కాళ్ల సంగతి ఎవరూ చెప్పలేమన్నారు. నడక నేర్పించే రిహాబ్ సెంటర్‌కి మార్చారు. అక్కడ నాకు థెరపీ చేయించిన మనిషి హిల్డె. అరవై ఏళ్లకు దగ్గర్లో ఉంటుంది. పొట్టి మనిషి, కత్తిరించిన తెల్లజుట్టు, ఎడమ మడమ వెనక పైదాకా పాకిన తెల్లని కుట్ల మచ్చ. అంత పెద్దావిడను ఒట్టి పేరు పెట్టి పిలవడానికి నాకు రెండు వారాలు పట్టింది. అందాకా ఆవిడ నా వైపు చూసేదాకా ఆగి అప్పుడు మాట్లాడేదాన్ని.

మొదటిరోజే చేతిలో అట్ట, పెన్సిలు పట్టుకుని ఇంగ్లీషులో అడిగింది. ప్రతి మాటనూ విడివిడిగా కింద పెట్టినట్టు మాట్లాడుతుంది.

"మొదటి తిమ్మిరి, ఏ రోజు?"

"ఫైల్లో ఉంది" అన్నాను.

"ఫైలు చదివాను. నిన్ను అడుగుతున్నాను."

"సోమవారం."

పెన్సిలుతో ఏమీ రాయలేదు. అట్ట పక్కన పెట్టేసింది.

రోజూ రెండు పూటలు. మొదట కూర్చోబెట్టడం. తర్వాత నడుముకు బెల్టు కట్టి రెండు కమ్మీల మధ్య నిలబెట్టడం. నేను మూడు లెక్కపెట్టేలోగా కూలిపోయేదాన్ని. పిన్ని గాజు తలుపు బయట నిలబడి చూసేది. నేను పడినప్పుడల్లా తలుపు మీద పిన్ని చేయి పడేది. నడుస్తానా లేదా అని ఎవరినీ అడగలేదు. అడిగితే జవాబు వస్తుందేమోనని భయం.

హిల్డె తన సంగతులు చెప్పేది, నా దృష్టి కాళ్ల మీంచి మళ్లించడానికని ఇప్పుడు తెలుస్తోంది. జర్మనీలో ఉత్తరాన చిన్న ఊరు, తండ్రి రైల్వేలో సిగ్నల్ మనిషి. స్కూల్లో అందరికంటే పొట్టి పిల్ల. ఎల్జె అనే డ్రిల్లు టీచరు హర్డిల్స్‌లో పెట్టింది. పొట్టిదానికి హర్డిల్స్ ఏమిటని నవ్వినవాళ్లతో ఆ టీచరు, "ఇది ఎత్తు దూకే పోటీ కాదు, పరుగు" అందట.

"దూకేవాళ్లు ఓడిపోతారు" అనేది హిల్డె. "హర్డిల్ అంటే ఒక అడుగు, కాస్త పెద్దది, అంతే. మొదటిదాకా ఎనిమిది అడుగులు. తర్వాత మూడు, దాటు. మూడు, దాటు. పదిసార్లు. నేలకేసి చూడకు."

ఆమెకు ఇరవై ఏళ్లు వచ్చేసరికి ఆడవాళ్ల పోటీ నియమాలే మార్చేశారట. ఎనభై మీటర్లది వంద అయింది. హర్డిల్స్ ఎత్తు పెరిగాయి, మధ్య దూరం పెరిగింది. అంతవరకూ కాళ్లకు అలవాటైన లెక్కంతా పనికిరాకుండా పోయింది. పొట్టివాళ్లకు మూడడుగుల్లో ఆ దూరం అందదు. తనతో పరుగెత్తిన చాలామంది మానేశారు. హిల్డె రెండు చలికాలాలు స్కూలు కారిడార్లో, పిల్లలు కోట్లు తగిలించుకునే కొక్కేల వరసల మధ్య, ఎల్జె సుద్దతో గీసిన గీతల మీద మళ్లీ మొదటినుంచి నేర్చుకుంది. జాతీయ జట్టులోకి వచ్చింది.

"అయితే నువ్వూ రెండోసారి నడక నేర్చుకున్నావన్నమాట" అన్నాను. ఆమె అడగకుండా నేను అన్న మొదటి మాట అదే.

"అవును. రెండోసారే కష్టం. ఒంటికి పాతది గుర్తుంటుంది."

నవంబర్లో వాకర్ పట్టుకుని ఎనిమిది అడుగులు వేశాను. హిల్డె నేల మీద ఒక చెక్క స్కేలు పెట్టింది. "ఇదీ నీ హర్డిల్." దాటడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. కాలు స్కేలుకు తగిలితే ఏడుపొచ్చేది. ఆమె దాన్ని బూటుతో సరిచేసి పెట్టేది. "తగిలితే తప్పు లేదు. పరుగులోనూ అంతే. తగిలితే పడేలాగే చేస్తారు హర్డిల్ని. అది పడుతుంది, నువ్వు ముందుకు పోతావు."

ఒకరోజు విశ్రాంతికి బల్ల మీద కూర్చున్నాం. పిన్ని ఇంకా రాలేదు. హిల్డె తన మడమ మచ్చ మీద వేలు పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది.

"పెద్ద పోటీకి జట్టు ఎంపిక చేసే పరుగది. ఇక్కడ నొప్పి. ఎల్జె అడిగింది, ఎప్పటినుంచి అని. నిన్నటినుంచి అన్నాను. ఆరు వారాలైంది. ఆరు వారాలంటే పరుగెత్తనివ్వదు. ఆరో హర్డిల్ దాటి దిగాను. వెనక ఎవరో కర్ర విరిచినట్టు చప్పుడు. ఎవరా అని తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఆరుకీ ఏడుకీ మధ్య కూర్చుండిపోయాను. మిగతావాళ్ల బూట్ల అడుగులు కనిపిస్తున్నాయి. అంతే నా పరుగు."

హిల్డె మచ్చ మీంచి వేలు తీసింది.

"ఒక్కరోజు నొప్పికి మడమ వెనక స్నాయువు తెగిందంటే శిక్షణలోనే తప్పుండాలి కదా. ఎల్జె అదే నమ్మింది. నేను పెళ్లి చేసుకుని ఇక్కడికొచ్చాక కూడా ప్రతి క్రిస్మస్‌కి కార్డు రాసేది. 'నేను నీతో ఎక్కువ పని చేయించాను, మన్నించు' అని. పదకొండేళ్లు. నేను తిరిగి రాసేదాన్ని, నీ తప్పు లేదని. ఎందుకు లేదో మాత్రం రాయలేదు. తర్వాత కార్డులు ఆగిపోయాయి."

నీళ్ల సీసా నా చేతికిచ్చింది.

"హర్డ్లర్లు ఎక్కడ నొప్పో దాచరు, సుమా. ఎప్పటినుంచి అన్నదే దాస్తారు. నీ నరాల పరీక్షలు చూశాను. నీ కాళ్లూ చూస్తున్నాను. నాకు చెప్పక్కర్లేదు. ఆ తలుపు బయట నిలబడే ఆవిడకు చెప్పు."

అప్పుడే గాజు తలుపు అవతలకు పిన్ని వచ్చి, చేతి సంచి ఎత్తి చూపించింది. పెరుగన్నం తెచ్చానని. నేను తలూపాను. ఇద్దరికీ కలిపి ఊపానో ఒక్కరికే ఊపానో నాకే తెలియదు.

చెప్పలేదు. డిసెంబర్లో కర్ర పట్టుకుని ఇంటికి వెళ్లే రోజు హిల్డె తలుపుదాకా నా పక్కన నడిచింది. ఎనిమిది అడుగులు లెక్కపెట్టి ఆగిపోయింది. తొమ్మిదో అడుగు నుంచి ఆమె నా పక్కన లేదు.

2009 జూన్

మార్చిలో కర్ర వదిలేశాను. ఏప్రిల్లో బేస్‌మెంట్ మెట్లు దిగాను. కింద శ్రియ గజ్జెలు కట్టుకుని ప్రాక్టీసు చేస్తోంది. నన్ను చూసి ఆపలేదు, కాలితోనే తాళం వేసి రమ్మని సైగ చేసింది. పాదాల కింద ఇంకా పలచటి సాక్సు తొడిగినట్టే ఉంటుంది. అది ఉండిపోవచ్చన్నారు.

నేను నడిచాను. అయినా పిన్ని కాఫీ తాగలేదు. బాబాయి ఆటపట్టించాడు: "ఒట్టు తీరింది గద లలితా, ఇగ తాగు. నీ కోపం తట్టుకునుడు మాతోని అయితలేదు." పిన్ని నవ్వి ఊరుకుంది. ఏప్రిల్, మే గడిచాయి. రోజూ పొద్దున మా ముగ్గురికీ కాఫీ కలిపి, తను వేడినీళ్లు తాగేది. ఒట్టు తీరాక కూడా తన మీద ఆ తప్పు అలాగే మోస్తోందని అర్థమైంది. పదకొండు క్రిస్మస్ కార్డులు గుర్తొచ్చాయి.

నోటితో చెప్పలేనని నాకు తెలుసు. అందుకే మూడు వారాలుగా ఇది రాశాను. ఈ ఉదయం బాబాయి ఆఫీస్‌కి, శ్రియ స్కూల్‌కి వెళ్లాక ఫిల్టర్లో డికాక్షన్ వేశాను. కాఫీ కలిపి పిన్ని ముందు పెట్టి, ఇక్కడిదాకా రాసింది చదివి వినిపించాను.  చదువుతూ మెట్ల సంగతికి వచ్చేసరికి పిన్ని గ్లాసు చుట్టూ రెండు చేతులూ పెట్టుకుంది. చదవడం అయిపోయింది.

"నీ తప్పేమీ లేదు పిన్నీ. శనివారం నుంచే ఉంది. నేనే చెప్పలేదు. చెప్పులని అబద్ధం చెప్పాను, నువ్వు నమ్మావు."

పిన్ని కాఫీ మీద కట్టిన మీగడ వైపు చూసింది. తర్వాత నా పాదాల వైపు చూసింది.

"నమ్మలేదే. నీ కాళ్లకి చెప్పులు లేవని చూశాను. ఆదివారం కానీలే, అప్పుడు అడుగుదాం అనుకున్నాను."